చదరంగమాడు యంత్రము

చదరంగము మన దేశమున బుట్టి, పారసీకుల చేతికిని, వారివలన అరబ్బులకును, పిదప ఐరోపాఖండమునకును జేరిన యాట యని చరిత్రకారులు చెప్పుదురు. మన యిండ్లలో నది చిరకాలము పురుషుల యరుగుమీది వినోదముగా నుండి, యిటీవల బాలికల చదువుగదిలోనికిని వచ్చినది. గుడివాడలో జన్మించిన కోనేరు హంపిగారు 2019లోను, మరల 2024లోను ర్యాపిడు చదరంగమున ప్రపంచవిజేత యైన పిదప, "మా యమ్మాయికిని నేర్పింతమా?" యని తలపోయు తల్లులు హెచ్చిరి. గురువు దొరకనిచోట నేడు చేతిలోని ఫోనే గురువు. పిల్ల యొక యెత్తు వేయును. రెప్పపాటులో నావలినుండి మాఱెత్తు వచ్చును. బల్లప్రక్కన నొక యంకె పెరుగుచు తరుగుచు నుండును. ఆ మాఱెత్తు ఎక్కడనుండి వచ్చినది? ఆ యంకె దేనిని గొలుచుచున్నది? ఈ రెండు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా మాటలు కుదుర్చుకొందము. కంప్యూటరునందు గాని ఫోనునందు గాని నడచు చదరంగపు ప్రోగ్రామును మే మిచ్చట యంత్రమనియే పిలిచెదము. రాజు, మంత్రి, ఏనుగు, శకటము, గుఱ్ఱము, బంటు అను పేళ్లు సోదరీమణు లెఱిగినవే; కొన్ని యిండ్లలో శకటమును ఒంటె యందురు.

యంత్రమునుగూర్చి లోకమున రెండు మాటలు వినబడుచుండును. "అది ఆట తుదివఱకు నన్నియు లెక్కకట్టుకొని యాడును గనుక దాని నెవ్వరును గెలువలేరు" అని కొందఱు. "దానికేమి తెలియును? ఎవరో వ్రాసియుంచినదానిని జూచి యొప్పజెప్పుచున్నది" అని మఱికొందఱు. ఈ రెండును సగము నిజములు. సగము నిజము పూర్తి యబద్ధముకంటె నెక్కువ తికమక పెట్టును గనుక, వానిని విడదీసి చూడవలసియున్నది.

మొదటి మాటను దీసికొందము. తెల్లకాయలవారు తొలియెత్తును 20 విధముల వేయవచ్చును. బంట్లతో 16, గుఱ్ఱములతో 4. ఎదిరివారికిని 20 విధములే. ఇద్దఱును చెఱియొక యెత్తు వేయునప్పటికే 400 దారులు చీలినవి. ఆట నడుమకు వచ్చునప్పటి కొక్కొక్క స్థితిలో సుమారు 30 ఎత్తులుండును. అమెరికాదేశపు గణితవేత్త క్లాడ్ షానన్ 1950లో నచ్చయిన తన వ్యాసమున, జరుగదగిన ఆటల సంఖ్య ఒకటి ప్రక్కన 120 సున్నలు వేసినంత యుండునని లెక్కవేసెను. ఎంత వేగముగల యంత్రమైనను ఇన్ని దారుల తుద చూడజాలదు. కాయలు తఱిగిపోయి, రాజులతోగూడ మొత్తము ఏడే మిగిలినప్పుడు మాత్రము ప్రతిస్థితికిని ఫలము ముందుగనే లెక్కించి పట్టికలలో నెక్కించియున్నారు. మాస్కో విశ్వవిద్యాలయపు మహాయంత్రముమీద 2012లో నా పని ముగిసెను. అచ్చట యంత్రము నిజముగనే సర్వజ్ఞము. అంతకుముందున్న విశాలమైన నడిమిభాగమున అది మనవలెనే కొంతదూరము చూచి, ఆ చూచిన మేర మంచిచెడ్డలు బేరీజు వేసికొనవలసినదే.

ఈ బేరీజు వేయు నేర్పును కాయమునకు గాక కాగితమునకు మొదట నేర్పినవారిలో ఆలన్ ట్యూరింగ్, డేవిడ్ చాంపర్నౌన్ అను ఆంగ్లేయ మిత్రులు ముఖ్యులు. 1948లో వారు కొన్ని నియమములను వ్రాసికొనిరి. వానిని నడపగల యంత్రము నాటికి లేదు. కనుక మనుష్యుడే కాగితము పట్టుకొని, నియమము చెప్పినట్లు కూడికలు తీసివేతలు చేసి, వచ్చిన యెత్తును వేయవలెను. ఆ కాగితపు యంత్రముతో మొదట నాడి యోడినవారు చాంపర్నౌన్ భార్య. ఆమె యప్పుడప్పుడే యాట నేర్చుకొనుచుండెనట. చరిత్రలో యంత్రబుద్ధిచే నోడింపబడిన తొలివారిలో నొక గృహిణి యుండుట మాకు వింతగా దోచినది. శాస్త్రజ్ఞుని యింట ప్రయోగమునకు ముందుగా దొరకునది యెవరో సోదరీమణులకు వేఱుగ జెప్పవలెనా? 1952లో ట్యూరింగ్ మాంచెస్టరు నగరమున ఆలిక్ గ్లెన్నీ యను యువకునితో నీ కాగితపు టాట నాడెను. ఒక్కొక్క యెత్తు తేల్చుటకు దాదాపు అరగంట పట్టెను. 29వ యెత్తున కాగిత మోడెను.

షానన్ తన వ్యాసమున బేరీజును స్పష్టమైన తూకముగా జూపెను. బంటు 1, గుఱ్ఱము 3, శకటము 3, ఏనుగు 5, మంత్రి 9. రాజు పోయిన నాటయే లేదు గనుక అతనికి 200. మన కాయల వెల కూడి, అందులోనుండి ఎదిరి కాయల వెల తీసివేసిన మిగిలినది మన బలము. ఇంతవఱకు పచారికొట్టు లెక్క. కాని కంసాలి తూకమున బంగారపు బరువు మాత్రమే చాలదు, వన్నెయు జూడవలెను గదా. ఒకే నిలువువరుసలో నొకదానివెనుక నొకటి చిక్కుకొన్న బంట్లకు, తోడులేక యొంటరియైన బంటునకు, వెనుకబడి ముందుకు గదలలేని బంటునకు ఒక్కొక్కదానికి అరబంటు చొప్పున తరుగు వేయుమనెను. మన కాయలకు కదలుటకు దొరకు ప్రతి యెత్తునకు బంటులో పదవవంతు కలుపుమనెను. మూల నక్కిన మంత్రికంటె బాట దొరకిన గుఱ్ఱ మొక్కొక్కప్పు డెక్కువ పని చేయునని యెఱిగిన యింటిపెద్ద లెవరైనను ఈ పదవవంతు న్యాయమును మెచ్చుకొందురు. పిదపివా రీ జాబితాను పెంచుచు బోయిరి. రాజు ముందరి బంట్ల కోట చెదరినదా, నడిమి గళ్లు ఎవరి చేతిలో నున్నవి, ఏనుగునకు తెఱపివరుస దొరకినదా, ఇట్లు వేలకొలది యంశములు చేరినవి.

అయితే తూకము వేయుట యెచ్చట? బల్లమీద నిప్పుడున్న స్థితిని కాదు, కొన్ని యెత్తుల కావల రాబోవు స్థితిని. ఇందులో యంత్రము పాటించు నీతి యొక్కటే: ఎదిరివా డెప్పుడును మనకు మిక్కిలి కీడైన యెత్తునే వేయునని తలచుట. ఒక పండ్లమ్మియొద్ద నాలుగు బుట్టలున్నవనుకొందము. బుట్టను మన మెన్నుకొందుము; ఆ బుట్టలోని పండు నామె యెన్ని యిచ్చును. ఆమె గట్టిది, ఉన్నవానిలో నాసిదే యిచ్చును. కనుక ఏ బుట్టలోని నాసిపండు తక్కిన బుట్టలలోని నాసిపండ్లకంటె మేలో, ఆ బుట్ట నెన్నుకొనుట తెలివి. ఇందులోనే యొక పొదుపు కలదు. మొదటి బుట్టలోని నాసిపండు చిన్నదైనను కుళ్లులేనిది. రెండవ బుట్టమీది గుడ్డ తీయగనే కుళ్లినపండు కనబడినది. ఇక నా బుట్ట నడుగువఱకు దిరుగవేయుట యెందులకు? ఆల్ఫా-బీటా యని పేరుపెట్టి యంత్రములు పాటించు పొదుపు ఇదియే. దీనివలన అవి చూడవలసిన స్థితులు పెక్కురెట్లు తగ్గి, ఉన్న కాలములో మఱింత లోతునకు బోగలవు.

తూకమునకు సమయము కూడ కుదురవలెను. పొయిమీద పాలు పొంగుచుండగా గిన్నెనిండ నున్నవని కొలత చెప్పరాదు. నురుగణగిన పిమ్మటనే చెప్పవలెను. మన మంత్రి ఎదిరి బంటును దిన్న క్షణమున లెక్క యాపినచో ఒక బంటు లాభమని కనబడును. మఱుసటి యెత్తున నా మంత్రినే యెదిరి ఏనుగు తినుచున్న సంగతి తెలియదు. కాబట్టి కాయలు తినుట, తినబడుట సద్దుమణుగువఱకు జూచి, నెమ్మదించిన స్థితినే తూచునట్లు యంత్రమునకు నేర్పిరి.

ఇంత చేసినను ఒక రోగము మిగిలినది. హాన్స్ బెర్లినర్ అను చదరంగనిపుణుడు 1973లో దానికి దిగంతదోషమను భావము వచ్చు పేరు పెట్టెను. యంత్రము ఎనిమిది యెత్తుల దూరము చూడగలదనుకొందము. ఎనిమిదవ యెత్తున శకటము పోవుట తప్పదని దానికి గనబడినది. నడుమ నొక బంటును వ్యర్థముగా నర్పించిన, ఎదిరివాడు దానిని దినుటకు రెండెత్తులు పట్టును; శకటపు నష్టము పదవ యెత్తునకు జరుగును. పదవ యెత్తు కంటికి గనబడదు. కనుక శకటము దక్కినదనియే యంత్రము సంతోషించును. వడ్డీమీద వడ్డీ కట్టి అప్పు గడువును పంచాంగపు చివరిపుట దాటించి, పంచాంగములో లేదు గనుక అప్పే లేదని నిశ్చింతగా నుండు యజమానుల నెఱిగిన సోదరీమణులకు ఈ దోషము క్రొత్త కాదు.

ఇక రెండవ మాట, వ్రాసియుంచినది యొప్పజెప్పుట. ఆట మొదటిలో పై తూకము చాల మొద్దుబాఱును. కాయలన్నియు నున్నవి, నష్టము లాభము లేదు, ఏ యెత్తు వేసినను అంకె యించుమించు సమానమే. కాని ఐదవ యెత్తున బంటును ముందుకు ద్రోసిన ఫలము ముప్పదవ యెత్తున దెలియును. అంతదూరము చూచు చూపు యంత్రమునకు లేదు. మనుష్యులకు మాత్రము శతాబ్దముల యనుభవము కలదు. ఏ దారిని పోయినవా రెట్లు బాగుపడిరో, ఎట్లు చెడిరో గ్రంథములలో నెక్కియున్నది. ఆ యనుభవమును యంత్రము కడుపులో బెట్టినదే తొలియెత్తుల పుస్తకము.

పుస్తకమన్నంతమాత్రమున అధ్యాయములు, వాక్యములు నుండునని తలపరాదు. అందులో నుండునవి స్థితులు. ఒక్కొక్క స్థితిక్రింద వేయదగిన యెత్తులు, ప్రతి యెత్తునకు నొక తూకపుసంఖ్య. బల్లమీది స్థితి పుస్తకములో నున్నదా యని యంత్రము చూచుకొనును. ఉన్నచో ఆలోచన లేకయే యందలి యెత్తు వేయును. మూడెత్తులు వ్రాసియుండి, వాని తూకములు 6, 3, 1 అయినచో పదియాటలలో సుమారు ఆఱింట మొదటిది, మూడింట రెండవది, ఒకదానిలో మూడవది వచ్చునట్లు చీట్లు వేసినట్లెన్నుకొనును. ఇట్లు చేయనిచో యంత్రము ప్రతిదినము నొకే యాట యాడి, ఒకసారి దానిని గెలిచినవా రదే యుపాయముతో నెల్లప్పుడును గెలుతురు. మఱియొక సూక్ష్మము: పుస్తకము దారిని గాక చేరినచోటును గుర్తుంచుకొనును. కోవెలకు పెద్దవీధిని పోయినను, చెఱువుగట్టు మీదుగ పోయినను చేరునది కోవెలయే. ముందు గుఱ్ఱమును గదపి పిదప బంటును ద్రోసినను, ముందు బంటు పిదప గుఱ్ఱమైనను, స్థితి యొక్కటైన పుస్తకములో పుటయు నొక్కటే.

ఈ తూకపుసంఖ్యలను వేయుటకు రెండు పద్ధతులు. నిపుణులు కూర్చుండి చేతితో గూర్చుట యొకటి. గొప్పవా రాడిన లక్షలకొలది యాటలను యంత్రమునకే యిచ్చి, ఏ యెత్తు ఎన్నిమారులు వేయబడినది, వేసినవా రెంతటివారు, తుద కేమైనది యని లెక్కింపజేయుట రెండవది. రెండవదానిలో నొక మోసము కలదు. ఆట గెలిచినది తొలియెత్తు మంచిదగుటచేతనా, నలువదవ యెత్తున నెదిరివాడు పొరబడుటచేతనా? పుస్తక మీ భేద మెఱుగదు. కాపురము చక్కగా సాగినదని పెండ్లి ముహూర్తమును పొగడినట్లే తొలియెత్తును పొగడును. చేతిపుస్తకములోను తప్పు లేకపోలేదు. అచ్చుతప్పు వంటి తప్పొకటి దొరలినను యంత్రము సందేహింపక యాడి మంత్రిని బోగొట్టుకొనును. ఆలోచింపకుమని మనమే చెప్పితిమి గదా.

అన్నిటికంటె చిక్కైనది పుస్తకపు చివరిపుట. పుస్తకము ముగిసిన క్షణమున యంత్రము తన తూకమును దాను మొదలుపెట్టును. చేయిపట్టుకొని తీసికొనివచ్చి తెలియని వీధిలో విడిచిన బిడ్డవలె నది చుట్టుజూచి, "ఈ గుఱ్ఱ మిక్కడ నెందులకున్నది?" అని, పుస్తకము రెండెత్తులు వెచ్చించి ముందుకు దెచ్చిన గుఱ్ఱమును వెనుకకు దీసికొనిపోవును. పుస్తకము కూర్చినవారి మనస్సున నున్న యుద్దేశము పుస్తకములో లేదు. అందున్నది యెత్తు మాత్రమే.

ఐ.బి.ఎం. సంస్థవారు డీప్‌బ్లూ యను మహాయంత్రమును గట్టినప్పుడు ఈ చిక్కును బాగుగ నెఱిగియుండిరి. ఆ యంత్రము సెకనుకు 20 కోట్ల స్థితులవఱకు జూడగలదు. దాని తూకమునందు సుమారు 8,000 అంశములు. అయినను దాని పుస్తకము మిక్కిలి చిన్నది, దాదాపు 4,000 స్థితులు మాత్రమే. జోయెల్ బెంజమిన్ అను గ్రాండుమాస్టరు ముఖ్యుడుగా, మఱి ముగ్గురు గ్రాండుమాస్టర్లు తోడుగా దానిని చేతితో గూర్చిరి. కూర్చి యూరకుండక, రాత్రులందు ఆ స్థితులను యంత్రముచేతనే తూయించి సరిచూచిరి. యంత్రమునకు చక్కగా నాడ వచ్చు తరహా స్థితులకు దారితీయు తొలియెత్తులనే యెన్నిరి. ఇది గాక 7 లక్షల యాటలనుండి తీసిన యనుభవము వెనుక నిలువయుండెను. చేతిపుస్తకము ముగిసినను చీకటిలో బడకుండ నది కొంతదూరము తోడుపోవును.

డీప్‌బ్లూ 1996 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నగరమున ప్రపంచవిజేత గారీ కాస్పరోవ్‌తో నాడి 4-2తో నోడెను. 1997 మే నెలలో న్యూయార్కునందు మరల తలపడిరి. కాస్పరోవ్ యంత్రపు బలము నెచ్చట నున్నదో గ్రహించినవాడు. మూడవ యాటలో నాతడు మంత్రి ముందరి బంటు నొక్క గడి మాత్రమే జరపి యాట మొదలుపెట్టెను. ప్రపంచవిజేతలు సాధారణముగా వేయు నెత్తు కాదది. మంచి యెత్తగుటచేత గాదు, పుస్తకములో దాని పుటలు పలుచగ నుండునని వేసెను. యంత్రమును పుస్తకమునుండి వీధిలోనికి దెచ్చుటయే యుపాయము. ఆ యాట సమమైనది. ఐదాటలు ముగియునప్పటికి చెఱి రెండున్నర.

ఆఱవ యాట మే 11న. నల్లకాయలు కాస్పరోవ్‌వి. కారో-కాన్ అను పేరుగల నిదానమైన రక్షణపద్ధతి నాతడు గైకొనెను. ఏడవ యెత్తున, ముందుకు వచ్చియున్న తెల్లగుఱ్ఱమును బెదరించుచు నంచుబంటు నొక గడి జరపెను. సామాన్యముగా నచ్చట గుఱ్ఱము వెనుకకు బోవలెను. పోక, అది నల్లరాజునకు ముందున్న బంటును దినవచ్చును. తిన్నచో దానిని మఱియొక బంటు తినును. షానన్ తూకముతో జూతము: ఇచ్చినది 3, పుచ్చుకొన్నది 1, నష్టము 2. బదులుగ దక్కునది నల్లరాజు కోటకు బోలేక నడుమ చిక్కుకొనుట. ఆ యిబ్బంది ఫలించుట కెన్ని యెత్తులు పట్టునో కంటికి గనబడదు. కనబడని ఫలమునకై కాయ నర్పించుట యంత్రముల స్వభావము కాదని, అవి గుఱ్ఱమును వెనుకకే తీయునని నాటి యనుభవము. కాస్పరోవ్ ఆ నమ్మికమీదనే యంచుబంటును గదపెను.

యంత్రము తడవుకొనలేదు. గుఱ్ఱము పోయి బంటును దినెను.

ఆ యెత్తు పుస్తకములో నున్నది. జట్టులోని గ్రాండుమాస్టరు మిగేల్ ఇళెస్కాస్ 2009లో జెప్పిన ప్రకారము, అది చేర్చినది ఆనాటి యుదయముననే. కాస్పరోవ్ అంచుబంటును గదపినచో మఱేమియు సరిచూడక గుఱ్ఱముతో దినుమని యంత్రమునకు జెప్పియుంచిరట. తూకము కాదనగల యెత్తును తూకము నోరు మూయించి వేయించినారన్నమాట. నల్లరాజు తన యిల్లు విడిచి ప్రక్కగడికి బోవలసి వచ్చెను. తన మంత్రియే తన శకటమునకు దారి కట్టెను. తెల్లవారి పంతొమ్మిదవ యెత్తుతో కాస్పరోవ్ ఓటమి నంగీకరించెను. గంటకాల మించుమించుగ బట్టెను. మూడున్నర, రెండున్నర. ప్రపంచవిజేత యొక యంత్రమునకు పోటీవరుసలో నోడుట యదియే మొదటిసారి.

సాయంకాలము మా యింటికి చదువుకొనవచ్చు బాలికలలో నొకతె యీ కథ విని, "పిన్నిగారూ, అయితే గెలిచింది యంత్రమా, పొద్దున్న రాసి పెట్టినవాళ్ళా?" అని యడిగినది. మావారు ఉపాధ్యాయులు గనుక, ప్రక్కవాని పలకను జూచి వ్రాసినదానికి మార్కులు వేయరాదని వెంటనే తీర్పు చెప్పిరి. మే మంత సుళువుగ నొప్పుకొనలేదు. పుస్తకము గుఱ్ఱమును ముందుకు ద్రోసినది. కొన్ని యెత్తులలోనే యది ముగిసినది. పిమ్మట ఒక గుఱ్ఱము తక్కువగా నున్న స్థితిలో, బెదరక, ఎక్కడను జాఱక, రాజును బిగించినది యంత్రపు తూకమే. అదే పుస్తకమును తెలివితక్కువ యంత్రము చేతికిచ్చినచో పది యెత్తులలో గుఱ్ఱమును బోగొట్టుకొన్న పేదయై మిగిలియుండును.

మాకు చిన్ననాట మా తాతగారు అమరకోశమును అర్థము చెప్పకయే వల్లె వేయించిరి. పర్యాయపదములు నాలుకమీద నాడుచుండెడివి. అవి యెందులకో పదేండ్లకు కావ్యములు చదువునప్పుడు గాని తెలియలేదు. కనుక కంఠస్థమును నిందించువారిలో మేము లేము. కాని నేడు కొందఱు తలిదండ్రులు పిల్లలచేత ఫోను చూపిన తొలియెత్తులను పదునైదేసి వఱకు వల్లింపజేయుచున్నారు. ఎదిరిపిల్ల నాలుగవ యెత్తుననే దారి తప్పించును. అది చెడ్డయెత్తే యైనను, ఎందుచేత చెడ్డదో తెలియక మన పిల్ల బిత్తరపోవును. ప్రతి యెత్తునకు నీ బంటు ఇచ్చట నెందులకని యడిగి చెప్పించినచో, వల్లించినవి ఐదెత్తులే యైనను చాలును.

పుస్తకమునకు తూకమునకు మధ్యనున్న యీ గోడను 2017 డిసెంబరులో లండనునందలి డీప్‌మైండు సంస్థవారు కదలించిరి. వారి ఆల్ఫాజీరో యంత్రమునకు ఆట నియమములు దప్ప నేమియు జెప్పలేదు. పుస్తకము లేదు. బంటు 1, ఏనుగు 5 అను తూకమును లేదు. తనతో దానే ఆడి, గెలుపోటములనుబట్టి తన యంచనాలను దిద్దుకొనుచు బోయెను. 2018లో వెలువడిన వారి పత్రము ప్రకారము 9 గంటలలో 4 కోట్ల 40 లక్షల యాట లాడెను. పిదప నాటి మేటియైన స్టాక్‌ఫిష్ యంత్రముతో 1,000 ఆటలాడి 155 గెలిచి, 6 ఓడెను, తక్కినవి సమములు. స్టాక్‌ఫిష్ సెకనుకు 6 కోట్ల స్థితులు చూడగా, ఇది 60 వేలే చూచెను. చూచినవి తక్కువ, చూచిన ప్రతిదానిమీద నంచనా మిక్కుటముగ నమ్మదగినది. మొదట ప్రకటించిన పోటీలో స్టాక్‌ఫిష్‌నకు పుస్తక మీయకుండ నాడించిరని నిపుణు లాక్షేపించిరి. పిదప పుస్తకముతోను ఆడించి చూపిరి.

పుస్తకము లేకయే నేర్చిన యా యంత్రము ఏ తొలియెత్తులను వేసెనో చూచినవా రాశ్చర్యపడిరి. మనుష్యులు శతాబ్దములుగా నాడుచు వచ్చిన ప్రసిద్ధమైన తొలియెత్తులనే యది తనంత తాను కనిపెట్టినది. కొన్నిటిని కొంతకాల మాడి, మఱి రుచింపక విడిచెను. కొన్నిటిని తుదివఱకు బట్టుకొనెను. పెద్దల గ్రంథములను జదువకయే పెద్దల యింటికి చేరినట్లయినది. ఇది గ్రంథమునకు బరువు తగ్గించెనో, సాక్ష్యము పలికెనో యని మేము కొంతకాల మాలోచించితిమి. మాకు సాక్ష్యముగనే తోచుచున్నది.

స్టాక్‌ఫిష్ వారును ఊరకుండలేదు. జపానుదేశపు చదరంగమైన షోగీకై యూ నాసు అను నాతడు 2018లో గల్పించిన పద్ధతి నొకదానిని 2020లో దెచ్చికొనిరి. మనుష్యులు వ్రాసిన యంశముల జాబితా స్థానమున, కోట్లకొలది స్థితులనుండి తానే నేర్చిన తూకము చేరినది. పాతజాబితాను కొన్నేండ్లు ప్రక్కన నుంచుకొని, తుదకు 2024లో వెలువడిన కూర్పునుండి పూర్తిగ దీసివేసిరి. షానన్ నాటి అరబంటు తరుగులు, పదవవంతు కలుపులు నట్లు వెడలిపోయినవి. ఇపు డా తూకము ఏ కారణమున నొక స్థితిని మెచ్చుచున్నదో చేసినవారును వేలుపెట్టి చూపజాలరు.

కాబట్టి ఫోనులో బల్లప్రక్కన గనబడు నంకెను జదువుటయందును జాగ్రత్త కావలెను. +1 అనిన, తెల్లవా రొక బంటు హెచ్చుగ నున్నంత మేలుగ నున్నారని పూర్వపు టర్థము. స్టాక్‌ఫిష్‌లో 2022 చివరనుండి దాని యర్థము మాఱినది. సమానబలముగల యంత్రము లాడినచో గెలుపునకు నూటికి 50 పాళ్లు అవకాశమున్నదని యిప్పు డర్థము. ఆ గెలుపు యంత్రమునకు సాధ్యమైనది. ఎనిమిదేండ్ల పిల్లకు +1 దొరకినంతమాత్రమున గెలుచునని గాని, తల్లి ప్రక్కనుండి "గెలిచే ఆట పోగొట్టావు" అని గద్దింపవచ్చునని గాని కాదు. 0.2, 0.3 మార్పులకు పిల్లలను నొప్పించుట కేవలము అన్యాయము.

తొలియెత్తులను వల్లించు గోల లేకుండ జేయుటకు అమెరికా వీరుడు బాబీ ఫిషర్ 1996లో నొక మార్గము జెప్పెను: వెనుకవరుసలోని కాయలను చీట్లు వేసి మార్చిపెట్టుట. అట్లు 960 విధముల పెట్టవచ్చును. ఏ పుస్తకమును పనికిరాదు. ఆ యాటకు నేడు మంచి యాదరణ కలదు.

యంత్రములకు యంత్రములకు జరుగు పోటీలలో మాత్రము పుస్తకము వేఱొక పని కుదిరినది. మేటియంత్రములు తమంత దాము మొదలుపెట్టి యాడిన, ఎవరును తప్పు చేయక, ఆటలన్నియు సమములై ముగియుచున్నవి. అందుచే నిర్వాహకులే తొలియెత్తుల నేరి, కావలెనని ఒకవైపు కొంత యిబ్బందిగ నుండు స్థితిని తెచ్చి, అచ్చటినుండి యాడుమని రెండు యంత్రములకు నిచ్చుచున్నారు. న్యాయము చెడకుండ, అదే స్థితిని రెండుసార్లు ఆడింతురు. మొదటిమారు తెల్లకాయలతో నాడిన యంత్రము రెండవమారు నల్లకాయల వైపు కూర్చుండును.